72 గంటల మాత్రతో గర్భసంచి పాడవదు

అడ్మిషన్లు మొదలవగానే ఏటా ఒక వాట్సాప్ మెసేజ్ హాస్టల్ గ్రూపుల్లో, తల్లిదండ్రుల గ్రూపుల్లో తిరుగుతుంది. అందులో చెప్పేది ఇది: 72 గంటల మాత్ర (గర్భం రాకుండా, కలయిక తర్వాత 72 గంటల్లోపు వేసుకునేది) ఒక్కసారి మింగినా ఇక పిల్లలు పుట్టరు. పెళ్ళికాని అమ్మాయి అబార్షన్‌కి వెళితే డాక్టర్ ఇంటికి ఫోన్ చేసి తీరాలి. ఈ విషయాలు క్యాంపస్‌లో మాట్లాడితే పిల్లలు చెడిపోతారు. హెచ్ఐవి పరీక్ష చేయించుకుంటే కాలేజీకి రిపోర్టు వెళ్తుంది.

నేను ఒక యూనివర్సిటీ హెల్త్ సెంటర్లో నర్సుని. ఈ నాలుగూ తప్పే. వీటిని నమ్మి ఆలస్యంగా వచ్చేవాళ్ళని చూస్తున్నాను కాబట్టి రాస్తున్నాను.

ముందు మాత్ర సంగతి. పోయినేడాది ఒక సాయంత్రం సెకండియర్ అమ్మాయి వచ్చి, పర్సులోంచి ఒక అట్ట తీసి బల్ల మీద పెట్టింది. ఒక్కటే మాత్ర. వెనక రేకు ఒక మూల ఒలిచి, మళ్ళీ గోటితో నొక్కి సరిచేసి ఉంది. "వేసుకుందామనే కొన్నాను సిస్టర్, ఆ మెసేజ్ చదివాక భయమేసింది" అంది. కలయిక జరిగి అప్పటికి ఆరు రోజులైంది.

అందులో ఉండేది లెవోనార్‌జెస్ట్రెల్ అనే హార్మోన్, 1.5 మిల్లీగ్రాములు. అండం విడుదల కాకుండా కొన్నాళ్ళు ఆపడమే దాని పని. గర్భసంచి పాడవదు, ముందుముందు పిల్లలు పుట్టడానికీ అడ్డు రాదు. వికారం, తలనొప్పి ఉండొచ్చు, ఆ నెల పీరియడ్ కొన్ని రోజులు అటూ ఇటూ కావచ్చు. మింగిన 2 గంటల్లోపు వాంతి అయితే ఇంకోటి వేసుకోవాలి. అప్పటికే గర్భం నిలిచి ఉంటే ఈ మాత్రతో పోదు. ఎంత త్వరగా వేసుకుంటే అంత బాగా పనిచేస్తుంది. మూడు రోజులు దాటినా, 5 రోజుల్లోపు డాక్టర్ దగ్గర కాపర్-టీ వేయించుకునే వీలుంది. ఆ అమ్మాయికి అదీ దాటిపోయింది. మూడు వారాలు ఆగి ప్రెగ్నెన్సీ టెస్ట్ చేసుకో అమ్మా అని చెప్పడం తప్ప నా చేతిలో ఏమీ మిగల్లేదు. ఆ మూడు వారాల్లోనే ఆమెకి ఇంటర్నల్స్.

(ఇది అత్యవసరానికే. నెలనెలా దీని మీదే ఆధారపడకండి. సుఖవ్యాధుల నుంచి ఇది కాపాడదు, దానికి కండోమే కావాలి.)

ఇక డాక్టర్ ఇంటికి ఫోన్ చేస్తారన్న మాట. 18 నిండిన అమ్మాయి అబార్షన్‌కి ఆమె ఒక్కరి అంగీకారం చాలు. తల్లిదండ్రుల సంతకం అక్కర్లేదు, భర్త సంతకం అసలే అక్కర్లేదు. 18 నిండకపోతేనే గార్డియన్ సంతకం కావాలి. 1971 నాటి అబార్షన్ చట్టంలో గర్భనిరోధకం విఫలమైన సందర్భానికి "వివాహిత, ఆమె భర్త" అని ఉండేది. 2021 సవరణలో దాన్ని "స్త్రీ, ఆమె భాగస్వామి" అని మార్చారు. గర్భం 20 నుంచి 24 వారాల మధ్య ఉన్నప్పుడు అబార్షన్‌కి చట్టం ఇచ్చే అవకాశం పెళ్ళికాని స్త్రీలకూ వర్తిస్తుందని 2022 సెప్టెంబర్ 29న సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. పైగా ఆమె పేరు బయటపెట్టిన డాక్టర్‌కి ఏడాది దాకా జైలుశిక్ష పడొచ్చు.

ఇది తెలియక చాలామంది మెడికల్ షాపులో అబార్షన్ కిట్ కొనుక్కుని హాస్టల్ రూమ్‌లో వేసుకుంటారు. నాకు అన్నిటికన్నా భయం దీనితోనే. గర్భం ట్యూబులో ఉంటే ఆ మాత్రలు పనిచేయవు. ట్యూబు పగిలితే లోపలే రక్తస్రావమై ప్రాణం మీదికి వస్తుంది. డాక్టర్ చూడకుండా వేసుకోకండి.

మాట్లాడితే చెడిపోతారట. అనేక దేశాల్లో జరిగిన అధ్యయనాలను పరిశీలించి యునెస్కో 2018లో ఇచ్చిన మార్గదర్శకాల్లో, లైంగిక విద్య వల్ల లైంగిక చర్య పెరగదని స్పష్టంగా ఉంది. మెసేజ్ పంపే తల్లిదండ్రుల భయం నాకు తెలుసు, నాకూ ఇంటర్ చదివే కూతురుంది. కానీ మా దగ్గర పిల్లలు అడిగేవి వింటే ఆ భయం మారుతుంది. "ఫోన్ పాస్‌వర్డ్ ఇవ్వకపోతే ప్రేమ లేదంటున్నాడు, ఇవ్వాలా?" "వద్దంటే నన్ను వదిలేస్తాడా?" వీటికి జవాబు చెప్పే పెద్దవాళ్ళు వాళ్ళకి కావాలి.

చివరిది హెచ్ఐవి పరీక్ష. ప్రభుత్వాసుపత్రుల్లోని ఐసీటీసీల్లో (హెచ్ఐవి కౌన్సెలింగ్, పరీక్షా కేంద్రాల్లో) ఉచితంగా చేస్తారు, ముందూ వెనకా కౌన్సెలర్ మాట్లాడతారు. 2017 హెచ్ఐవి చట్టం ప్రకారం మీ అంగీకారం లేకుండా పరీక్ష చేయకూడదు, ఫలితాన్ని కాలేజీకి చెప్పకూడదు. కండోమ్ చిరిగి అనుమానం ఉంటే ఇక్కడా లెక్క 72 గంటలే. ఆలోపు పెప్ మందులు మొదలుపెట్టి 28 రోజులు వాడితే వైరస్ సోకకుండా ఆపే అవకాశం ఎక్కువ. ఎక్కడికెళ్ళాలో తెలియకపోతే హెచ్ఐవి హెల్ప్‌లైన్ 1097కి ఫోన్ చేయండి, టోల్ ఫ్రీ. మా హెల్త్ సెంటర్ తలుపు మీద, బాయ్స్ హాస్టల్ బాత్రూమ్ అద్దాల పక్కన ఆ నంబర్ అంటించాం. ఆ మెసేజ్ మీ గ్రూపులోకి వస్తే దాని కిందే ఈ నంబర్ పెట్టండి.