గమనికలో దాగిన హక్కు

అమెరికా ఫెడరల్ చట్టాలన్నిటినీ విషయాలవారీగా కూర్చిన సంపుటి యూఎస్ కోడ్. అందులో ఎనిమిదో టైటిల్ (విభాగం) వలసలది. ఆ టైటిల్‌లో 1184వ సెక్షన్ తెరిచి ‘జి’ ఉపసెక్షన్ నాలుగో పేరా చదివితే, హెచ్-1బి హోదా మొత్తం ఆరేళ్లు దాటరాదని ఉంటుంది. అక్కడితో చదవడం ఆపేస్తే ఏడో ఏడు లేనట్టే. మరి గ్రీన్‌కార్డు వరసలో పదేళ్లకు పైగా నిలబడి, అదే హోదాలో ఉద్యోగం చేస్తున్న మనవాళ్లంతా ఏ చట్టం ప్రకారం ఉంటున్నారు? 2000 అక్టోబరు 17న సంతకమైన ‘ఏసీ-21’ (అమెరికన్ కాంపిటీటివ్‌నెస్ ఇన్ ది ట్వెంటీ ఫస్ట్ సెంచరీ యాక్ట్) చట్టంలోని 104, 106 సెక్షన్ల ప్రకారం. అవి 1184 పాఠంలో కనిపించవు. సవరణల చరిత్ర అంతా దాటి బాగా కిందికి వెళ్తే, అడుగున గమనికలుగా ఉంటాయి.

గమనిక అన్నంత మాత్రాన అది ఎవరో సంపాదకుడు రాసిన వివరణ కాదు. కాంగ్రెస్ ఆమోదించిన చట్టమే. పైనున్న సెక్షన్‌కు ఎంత బలముందో దీనికీ అంతే. తేడా వచ్చింది బిల్లు రాసిన తీరులో. ఉద్యోగం మారినా గ్రీన్‌కార్డు పిటిషన్ చెల్లేలా చేసిన 106(సి)ని మూల వలస చట్టం (ఇమిగ్రేషన్ అండ్ నేషనాలిటీ యాక్ట్) 204వ సెక్షన్‌కు సవరణగా రాశారు. అందుకే అది కోడ్‌లో 1154(జె)గా పాఠంలోకి చేరింది. అదే సెక్షన్‌లోని (ఎ), (బి) భాగాలను విడిగా నిలిచే నిబంధనలుగా రాశారు. ఆరేళ్ల తర్వాత ఏడాదికోసారి పొడిగింపు ఇచ్చేవి అవే. వాటికి పాఠంలో చోటు దొరకలేదు.

అధ్యక్షుడు సంతకం చేసిన చట్టానికి నేషనల్ ఆర్కైవ్స్‌లోని ఫెడరల్ రిజిస్టర్ కార్యాలయం సంఖ్య ఇస్తుంది. ఏసీ-21ది పబ్లిక్ లా 106-313, అంటే 106వ కాంగ్రెస్ చేసిన 313వది. తర్వాత ప్రతినిధుల సభకు చెందిన లా రివిజన్ కౌన్సెల్ కార్యాలయం ఆ చట్టాన్ని ముక్క ముక్కగా విడదీసి, ఏది ఏ సెక్షన్‌కు వెళ్లాలో, ఏది గమనిక కావాలో, ఏది అసలు కోడ్‌లోకి రానక్కరలేదో తేలుస్తుంది. అచ్చు సంపుటాలు ఆరేళ్లకోసారి, మధ్యలో ఏటా అనుబంధాలు. ఆన్‌లైన్ ప్రతిని ఏడాదిలో చాలాసార్లు తాజా చేస్తారు. అక్కడ ఫలానా పబ్లిక్ లా వరకు అని రాసి, పక్కనే ‘ఫలానాది తప్ప’ అని ఉండవచ్చు. రక్షణ శాఖ చట్టం లాంటి వేల పేజీల చట్టం ఇంకా కూర్పులో ఉందని దాని అర్థం. ఆ రెండు మాటలూ చూడకుండా సెక్షన్‌ను కాపీ చేసి వాట్సాప్ గ్రూపుల్లో పంచడం ప్రమాదకరం. సంతకమైన తేదీ, అమల్లోకి వచ్చే తేదీ ఒకటే కావాలనీ లేదు. ఆ సంగతీ గమనికల్లోనే వెతకాలి.

కూర్పులో పొరపాటు దొర్లితే ఎంత దూరం పోతుందో ఒక బ్యాంకు కేసు చెబుతుంది. 5,000 లోపు జనాభా ఉన్న ఊళ్లలో నేషనల్ బ్యాంకులు బీమా ఏజెంట్లుగా పనిచేయవచ్చని 1916లో చట్టం చేశారు. ఆ చట్టంలో కొటేషన్ మార్కులు పడరాని చోట పడ్డాయి. దాంతో ఆ నిబంధన వేరే సెక్షన్‌లో భాగంలా కనిపించింది. 1918లో ఆ వేరే సెక్షన్‌ను తిరగరాసినప్పుడు ఇదీ రద్దయిందనుకున్నారు. 1952 నాటి కోడ్ నుంచి దాన్ని తీసేశారు. అది ఎన్నడూ రద్దు కాలేదని సుప్రీంకోర్టు 1993లో ఏకగ్రీవంగా తేల్చింది. నాలుగు దశాబ్దాల పాటు అధికారిక కోడ్‌లో లేని నిబంధన అంతకాలమూ చట్టంగానే ఉంది!

ఈ ముప్పు అన్ని టైటిళ్లకూ ఒకేలా ఉండదు. 54లో 27 టైటిళ్లను కాంగ్రెస్ స్వయంగా చట్టంగా ఆమోదించింది. నేరాలకు సంబంధించిన 18వ టైటిల్ అలాంటిది. అందులో అచ్చయిన పాఠమే చట్టం. వలసల టైటిల్‌కు ఆ హోదా లేదు. కోడ్‌కూ, మూల చట్టాలు అచ్చయ్యే ‘స్టాట్యూట్స్ ఎట్ లార్జ్’కూ తేడా వస్తే మూలమే చెల్లుతుంది. అందుకే ఎనిమిదో టైటిల్ చదివేవారు రెండు అంకెలు దగ్గర పెట్టుకోవాలి: వలస చట్టంలో 214 అంటే కోడ్‌లో 1184, అక్కడ 203 అంటే ఇక్కడ 1153. పిటిషన్ నోటీసులో ఏ అంకె వాడారో చూసుకుని, మూల చట్టంతో సరిపోల్చి, అడుగు గమనికల చివరిదాకా చదివాకే వకీలును ప్రశ్నలడగాలి.

లక్షల కుటుంబాల నివాసాన్ని నిలబెట్టే నిబంధనను వెతికి పట్టుకోవలసి రావడం న్యాయం కాదు. దేశాలవారీ పరిమితి వల్ల గ్రీన్‌కార్డు ఆగినవారికి పొడిగింపు ఇచ్చే 104(సి)ని, 106(ఎ), (బి)లను ఒక్క మాట కూడా మార్చకుండా వలస చట్టం 214వ సెక్షన్‌లో కొత్త ఉపసెక్షన్‌గా చేర్చమని కాంగ్రెస్‌ను కోరాలి. కోటా పెంచమనో, దేశాలవారీ 7 శాతం పరిమితి ఎత్తేయమనో అడగడం వేరు. వాటిపై రాజకీయ పోరు ఎన్నాళ్లయినా సాగవచ్చు. ఇప్పటికే ఉన్న హక్కును పైపాఠంలో అచ్చువేయమని అడగడానికి అంత పోరు అక్కరలేదు. అమెరికాలోని తెలుగు సంఘాలు తమ ప్రాంత ప్రతినిధులను కలిసినప్పుడు ముందు ఈ కోరిక రాసిన కాగితం చేతికివ్వాలని మేము కోరుతున్నాం.