మార్కులు లేని రిపోర్టు

ఇంగ్లండ్‌లో స్పెషల్ స్కూల్ టీచరుగా ఎందరో తెలుగు తల్లిదండ్రులతో యాన్యువల్ రివ్యూల్లో, అంటే పిల్లల ఎదుగుదలపై ఏటా జరిగే సమావేశాల్లో, కూర్చున్నాను. దాదాపు అందరూ మొదట అడిగేది ఒకటే: "మావాడు ఎన్నేళ్లు వెనకబడి ఉన్నాడండీ?" ర్యాంకుల మధ్య, ఎంసెట్ కోచింగుల మధ్య పెరిగినవాళ్లం, ఆ ప్రశ్న రావడం సహజం. వీడియో కాల్‌లో తాతయ్య అడిగేదీ అదే: "ఇప్పుడు ఏ క్లాసమ్మా? ఎలా చదువుతున్నాడు?" చెప్పడానికి ఒక అంకె ఉంటే ఆ తల్లికి కాస్త ఊపిరాడుతుంది. కానీ ఈ పిల్లల ఎదుగుదలను అంకెల్లో పెట్టాలని ఈ దేశం ఇరవై ఏళ్ల పాటు గట్టిగానే ప్రయత్నించి, చివరికి మానుకుంది. ఎందుకు మానుకుందో మన కుటుంబాలకు తెలియాలి.

నేషనల్ కరిక్యులమ్‌లో (ఇక్కడి స్కూళ్ల ప్రభుత్వ పాఠ్య ప్రణాళికలో) మొదటి మెట్టు కూడా ఇంకా అందని పిల్లల కోసం 1998లో పి స్కేల్స్ వచ్చాయి. పి1 నుంచి పి8 దాకా ఎనిమిది మెట్లు. కింది మూడింటినీ మళ్లీ రెండేసి చేశారు. ఈ పిల్లలు కూడా నేర్చుకుంటారని ప్రభుత్వ కాగితం మీద రాయించిన ఘనత ఆ పద్ధతికి ఉంది, దాన్ని తీసిపారేయను. అయితే తీవ్రమైన వైకల్యాలున్న పిల్లలు కొందరు ఏళ్ల తరబడి ఒకే మెట్టు మీద కనిపించేవారు. ఏదో ఒక కదలిక చూపించాలి కాబట్టి చాలా స్కూళ్లు ఒక్కో మెట్టునూ ఇంకా చిన్న ముక్కలు చేసి, శాతాలు కట్టి, గ్రాఫులు గీశాయి. గీత పైకి వెళ్లేది. పిల్లవాడి రోజులో ఏం మారిందో ఆ గీత చెప్పేది కాదు. 2016లో డయాన్ రోచ్‌ఫోర్డ్ నాయకత్వంలోని సమీక్షా బృందం పి స్కేల్స్‌ను తీసేయమని సిఫార్సు చేసింది. సబ్జెక్టులు కొంతైనా నేర్చుకోగలుగుతున్న పిల్లలకు వాటి బదులు ప్రీ కీ స్టేజ్ స్టాండర్డ్స్ అనే కొత్త ప్రమాణాలు వచ్చాయి. సబ్జెక్టుల దాకా ఇంకా రాని ప్రైమరీ పిల్లలకు 2021 సెప్టెంబరు నుంచి ఎంగేజ్‌మెంట్ మోడల్ తప్పనిసరి అయింది.

ఇందులో టీచరు గమనించేవి ఐదు: పిల్లవాడు కొత్తదాన్ని తడిమి చూస్తున్నాడా, తాను చేసిన పనికి ఏదో జరిగిందని గ్రహిస్తున్నాడా, తర్వాత ఏం రాబోతోందో ముందే పసిగడుతున్నాడా, కష్టమైనా వదలకుండా ప్రయత్నిస్తున్నాడా, ఎవరూ చెప్పకుండా తానే మొదలుపెడుతున్నాడా. ప్రభుత్వానికి స్కోరు ఏదీ వెళ్లదు. ఫలానా పిల్లవాడిని ఈ పద్ధతిలో చూస్తున్నామని మాత్రమే స్కూలు తెలియజేస్తుంది. నిరుడు తడి ఇసుక తగలగానే చెయ్యి లాక్కున్న పాప ఈ ఏడాది ఇసుక ట్రే కనబడగానే అటు వంగితే, అది ఎదుగుదలే. దాన్ని పట్టుకోవాలంటే టీచరు ఆ పాపను రోజూ చూడాలి, రాసుకోవాలి, వీడియో తీయాలి, పక్కనున్న టీచింగ్ అసిస్టెంటుతో సరిచూసుకోవాలి. టిక్కులు పెట్టడం కన్నా ఇది చాలా కష్టమైన పని.

కాస్త పెద్ద పిల్లల సంగతి చూద్దాం. కోటు వేసుకోవడమే తీసుకోండి. మొదట్లో మేం చేతులు పట్టుకుని తొడిగిస్తాం. కొన్నాళ్లకు మోచేతిని తాకితే చాలు. ఆ తర్వాత కోటు వైపు వేలు చూపిస్తే సరిపోతుంది. ఒకరోజు ఏ సాయమూ లేకుండా పాప తనే వేసుకుంటుంది. అక్కడితో "వచ్చేసింది" అని రాయడం తొందరపాటు. తడబడకుండా వేసుకుంటోందా? సెలవుల తర్వాత కూడా గుర్తుందా? స్కూల్లో మా ముందే కాకుండా ఇంట్లో, షాపులో, అమ్మమ్మ దగ్గర కూడా చేస్తోందా? నార్త్ యార్క్‌షైర్‌లోని ది డేల్స్ స్కూల్‌లో పుట్టిన మ్యాప్ (MAPP) అనే అంచనా పద్ధతి సరిగ్గా ఈ నాలుగే అడుగుతుంది: సాయం లేకుండా, సాఫీగా, నిలకడగా, ఎక్కడైనా. నా దృష్టిలో ఏ శాతం కన్నా ఈ నాలుగు ప్రశ్నలే పిల్లల గురించి ఎక్కువ చెబుతాయి.

ఇదేమీ పరాయి ఆలోచన కాదు. సికింద్రాబాద్‌లో 1984లో మొదలైన జాతీయ మానసిక వికలాంగుల సంస్థ (ఇప్పుడు పేరు మారింది) మన స్పెషల్ స్కూళ్ల కోసం తయారు చేసిన చెక్‌లిస్టుల్లోనూ అన్నం తినడం, బట్టలు వేసుకోవడం, డబ్బు గుర్తించడం లాంటివే ఉంటాయి. పిల్లవాడు తనంతట తాను చేశాడా, నోటితో చెబితే చేశాడా, చెయ్యి పట్టుకుంటే చేశాడా అన్నది పక్కనే రాస్తారు. ఊళ్లో ఉన్న అమ్మమ్మా తాతయ్యలకు మనవడి చదువు గురించి చెప్పేటప్పుడు ఈ మాట చెప్పండి, కొంత కుదుటపడతారు.

ఇంకో బాధాకరమైన విషయం కూడా చెప్పాలి. కొన్ని జబ్బుల్లో పిల్లలు నేర్చుకున్నది క్రమంగా కోల్పోతారు. బ్యాటెన్ వ్యాధిలో చూపు, నడక, మాట ఒక్కొక్కటే పోతాయి. అలాంటి పాప నిరుటిలాగే ఈ ఏడాదీ కళ్లతోనో చేతితోనో తనకిష్టమైనది ఎంచుకోగలిగితే, గ్రాఫు మీద అది చదునైన గీత. నాకు మాత్రం ఆ ఏడాది మా తరగతిలో అదే పెద్ద విజయం.

మార్కులు లేకపోతే స్కూలుకు జవాబుదారీ ఏముంటుందని ఒక నాన్నగారు నన్ను నిలదీశారు. ఆయన అనుమానంలో న్యాయం ఉంది. "ఈ ఏడాది చక్కగా కుదురుకున్నాడు, ఉత్సాహంగా పాల్గొంటున్నాడు" అని రాసి చేతులు దులుపుకునే రిపోర్టులు నేనూ చూశాను. ఈహెచ్‌సీ ప్లాన్‌లో (పిల్లవాడి చదువు, ఆరోగ్యం, సంరక్షణ అవసరాలు రాసే చట్టబద్ధమైన పత్రంలో) "కమ్యూనికేషన్ మెరుగుపడుతుంది" అని ఉంటే ఒప్పుకోకండి. ఎవరితో, ఎక్కడ, ఎంత సాయంతో, ఎప్పటికి ఏం చేయగలగాలో రాయించండి. "మార్చి నాటికి, దాహమేస్తే, గుర్తు చేయకుండానే, మంచినీళ్ల బొమ్మ కార్డు తెచ్చి తరగతిలో ఏ పెద్దవాళ్లకైనా ఇస్తాడు" అని రాస్తే అది జరిగిందో లేదో ఎవరైనా చెప్పగలరు. వీడియో చూపించమని అడగడం కూడా మీ హక్కే అనుకోండి. ఏ మంచి టీచరూ నొచ్చుకోరు.

మన ఇళ్లకు సంబంధించి నన్ను అన్నిటికన్నా కలవరపెట్టేది భాష. రెండు మాటల సూచన అర్థం కాదని స్కూలు రాసిన పిల్లవాడు ఇంట్లో "బూట్లు తీసుకురా" అంటే తెస్తాడు. "స్నానానికి పద" అంటే బాత్రూం వైపు పరిగెడతాడు. మేం ఇంగ్లీషులోనే అడిగాం, వాడు చూపించేదేమో తెలుగులో. అప్పుడు లోపం పిల్లవాడిది కాదు, మా అంచనాది. ఆటిజం ఉందని తెలియగానే ఇంట్లో తెలుగు ఆపేయమని ఎవరో చెబితే ఆపేసిన కుటుంబాలు చాలా ఉన్నాయి. రెండు భాషలు వినడం వల్ల ఆటిజం ఉన్న పిల్లల మాట దెబ్బతింటుందని పరిశోధనలు చూపించలేదు. నానమ్మతో, తాతయ్యతో ఉన్న ఒక్క దారీ మూసుకుపోవడమే మిగులుతుంది. పిల్లవాడికి తెలిసిన తెలుగు మాటలు, అవి వింటే ఏం చేస్తాడో ఒక కాగితం మీద రాసి స్కూలుకు ఇవ్వండి. ఫోన్లో మీ గొంతుతో రికార్డు చేసి పంపండి. స్పీచ్ థెరపిస్టు పరీక్ష చేసేటప్పుడు ఇంటి భాషను కూడా లెక్కలోకి తీసుకోమని పట్టుబట్టండి.

మన సంఘం కూడా ఒక పని చేయాలని నా కోరిక. ఉగాదికి జీసీఎస్ఈ, ఏ లెవెల్ (ఇక్కడి పది, ఇంటర్ లాంటి పరీక్షలు) పాసైన పిల్లల్ని వేదిక మీదికి పిలిచి సత్కరిస్తాం. సంతోషమే. ఆ చప్పట్ల మధ్య కూర్చోలేక రావడం మానేసిన కుటుంబాలు ప్రతి ఊళ్లోనూ ఉన్నాయి. వాళ్లను కలిపి, ఒకరి పిల్లల రిపోర్టు ఇంకొకరు చదివి అర్థం చెప్పుకునేలా ఏడాదికి ఒకటి రెండుసార్లయినా కూర్చోబెడదాం. లోకల్ అథారిటీ (స్థానిక కౌన్సిల్) పరిధిలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కుటుంబాలకు ఉచితంగా సలహా ఇచ్చే సెండియాస్ సర్వీసు ఉందన్న సంగతే మనలో చాలామందికి తెలియదు.

రివ్యూ కనీసం 12 నెలలకు ఒకసారి జరగాలి. టీచర్ల, థెరపిస్టుల రిపోర్టులు సమావేశానికి రెండు వారాల ముందే మీ చేతికి రావాలి. రాకపోతే అడగండి, అవి చదవకుండా కూర్చోకండి. పిల్లలు ఇయర్ 9కి (13-14 ఏళ్లకు) వచ్చాక ఉద్యోగం, సొంతంగా బతకడం, స్నేహాలు, ఆరోగ్యం గురించి కూడా ఆ సమావేశంలో మాట్లాడాలి. తల్లిదండ్రుల అభిప్రాయం రాయడానికి ఒక పేజీ ఉంటుంది. మనవాళ్లు ఎక్కువమంది అక్కడ "థ్యాంక్యూ" అని రాసి వదిలేస్తారు. నిరుటికీ ఇప్పటికీ ఇంట్లో మీరు చూసిన మార్పు అక్కడ రాయండి. ఇంగ్లీషు ఇబ్బందైతే తెలుగులో రాసి, అనువాదం చేయించమని స్కూలును అడగండి.