కోబాల్టు గారి సమన్వయ కమిటీ

కండువాలు మార్చే నాయకుల్ని అందరూ తిడతారు గానీ, ఆవర్తన పట్టిక నడిమధ్యలో ఉండే డి-బ్లాక్ లోహాల జోలికి మాత్రం ఒక్కరూ పోరు. కోబాల్టునే చూడండి. చుట్టూ ఆరు అమ్మోనియాలుంటే పసుపు. ఒకటి లేచి ఆ కుర్చీలో క్లోరైడ్ కూర్చుంటే ఎర్రటి ఊదా. రెండు క్లోరైడ్లు ఎదురెదురుగా కూర్చుంటే ఆకుపచ్చ, అవే పక్కపక్కన కూర్చుంటే వంకాయ రంగు! లోహం మారలేదు, దాని మీద ప్లస్ మూడు ఆవేశమూ మారలేదు. చుట్టూ చేరిన లైగాండ్లే, అంటే అనుచరులే మారారు. వీటిని సమన్వయ సమ్మేళనాలంటారు. పేరు పెట్టినవారికి మన సమన్వయ కమిటీల సంగతి ముందే తెలుసేమో.

ఈ కుర్చీల లెక్క 1893లో తేల్చిన రసాయన శాస్త్రవేత్త ఆల్ఫ్రెడ్ వెర్నర్‌కు అప్పటికి ముప్పై ఏళ్లు కూడా లేవు. అమ్మోనియాలు రైలు బోగీల్లా ఒకదానికొకటి తగులుకుని ఉంటాయని కోపెన్‌హాగెన్‌లో యోర్గెన్‌సెన్ అనే మరో రసాయన శాస్త్రవేత్త చాలా ఏళ్లు వాదించాడు. 1913లో నోబెల్ వెర్నర్‌కే వచ్చింది.

ఆ వాదంలో సాక్ష్యం చెప్పింది వెండి. ఆరు అమ్మోనియాల పసుపు లవణాన్ని నీళ్లలో కరిగించి సిల్వర్ నైట్రేట్ వేస్తే, పాలు విరిగినట్టు తెల్లగా మూడు క్లోరైడ్లూ అడుగుకు దిగిపోతాయి. అయిదు అమ్మోనియాలున్న దాంట్లో రెండే దిగుతాయి. నాలుగున్న దాంట్లో ఒక్కటే. లోపల కుర్చీ దొరికిన క్లోరైడ్ వెండిని చూసినా కదలదట, బయట నిలబడ్డవే జారిపోతాయట! ఇది నాకు మింగుడుపడలేదు. మన దగ్గర వెండి చూపించేదే కుర్చీలో ఉన్నవాడికి కదా.

ఇక ఈడీటీఏ అనే లైగాండ్. ఒకే అణువు, ఆరు చేతులు. లోహం చుట్టూ ఉన్న ఆరు కుర్చీలూ అదొక్కటే పట్టేస్తుంది. అమ్మోనియాలు వేరువేరు ఇళ్లవి కాబట్టి ఒకటి అలిగితే వెళ్లిపోతుంది. ఇక్కడ ఒక చెయ్యి జారినా మిగతా అయిదూ వదలవు. ఇలాంటి సమ్మేళనాలే ఎక్కువ స్థిరమని ఇంటర్ పిల్లలకు ఏ మొహమాటమూ లేకుండా నేర్పుతున్నారు. కుటుంబ పాలనకు ఇంతకన్నా శాస్త్రీయమైన మద్దతు ఎక్కడ దొరుకుతుంది?

పాపం, జింకు. దాని డి ఆర్బిటాళ్లలో, అంటే ఎలక్ట్రాన్లుండే గదుల్లో, పది ఎలక్ట్రాన్లూ నిండుగా ఉన్నాయి. అందుకే నీళ్లతో చేరినా, అమ్మోనియాతో చేరినా రంగు రాదు. ఆ నిండుతనం వల్లే దాన్ని కోబాల్టు లాంటి పరివర్తన లోహాల లెక్కలోంచి తీసేశారు. మా అమ్మాయి కెమిస్ట్రీ రికార్డులో జింకు లవణం ఎదురుగా ఒకే మాట రాసి ఉంది: తెలుపు. లెక్చరర్ దాని కింద ఎర్ర సిరాతో టిక్కు పెట్టారు.