వసంతంలో యాపిల్ తినకూడదట!

వసంతం రాగానే ఈ మెసేజ్ వాట్సాప్‌లో చక్కర్లు కొడుతుంది. ఈసారి నాకు నలుగురు పంపారు. సారాంశం ఇది: "ఈ నెలల్లో దొరికే ప్రతి యాపిలూ నిరుటి శవం. మైనం పూసి మెరిపిస్తారు, అది విషం. పోషకాలు సున్నా. పోనీ తోట చూద్దామని వెళ్తే మోడు కొమ్మలు, రాలిన పూత తప్ప ఏమీ ఉండవు. ఆ రాలడం కూడా మందుల వల్లే."

ముందు శవం సంగతి. ఉత్తరార్ధగోళంలో యాపిల్ కోతలు ఆగస్టు నుంచి నవంబరు దాకా సాగుతాయి. కాబట్టి అక్కడ పండిన కాయని ఏప్రిల్‌లో తింటే, కోసి ఐదు నుంచి ఎనిమిది నెలలై ఉంటుంది. ఇది నిజమే. అయితే న్యూజిలాండ్, చిలీ లాంటి చోట్ల కోతలు ఫిబ్రవరి నుంచి మే దాకా. అంటే "ప్రతి" అన్న మాట ఇక్కడే వీగిపోయింది.

ఇక నిరుటి కాయ. కోశాక కూడా యాపిల్ ఊపిరి పీలుస్తూనే ఉంటుంది. ఆక్సిజన్ తీసుకుని కార్బన్ డయాక్సైడ్ వదులుతూ, తన ఒంట్లోని చక్కెరని, పులుపుని కొద్దికొద్దిగా ఖర్చుపెట్టుకుంటుంది. గిడ్డంగిలో చేసేదల్లా ఆ ఊపిరిని నెమ్మది చేయడం. గదిని 0 నుంచి 4 డిగ్రీల చలిలో ఉంచి, మామూలు గాలిలో 21 శాతం ఉండే ఆక్సిజన్‌ని 1 నుంచి 3 శాతానికి దించుతారు. 1920ల్లో ఇంగ్లండ్‌లో ఫ్రాంక్లిన్ కిడ్, సిరిల్ వెస్ట్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఈ పద్ధతికి దారి వేశారు. కాయని పండబెట్టే ఇథిలీన్ పనిచేయకుండా అడ్డుకునే ఒక వాయువుని కూడా చాలా గిడ్డంగుల్లో వాడతారు, అది దాచాల్సిన రహస్యమేం కాదు.

చచ్చిందో బతికిందో తేల్చే సాక్ష్యం ఒక్కోసారి మన కత్తిపీట ముందే దొరుకుతుంది. ఒకసారి వసంతంలో యాపిల్ కోస్తే, గింజ పగిలి తెల్లటి మొలక బయటికి తొంగి చూస్తోంది. నేను పురుగనుకుని పారేయబోయాను! యాపిల్ గింజ మొలవాలంటే ముందు కొన్ని వారాల చలి పడాలి. గిడ్డంగి చలినే అది శీతాకాలం అనుకుని, ఇక నిద్ర లేవచ్చని మొలకెత్తింది. శవంలోంచి మొలక రాదు కదా.

మైనం. చెట్టు మీద ఉండగానే యాపిల్ తనకి తాను మైనం పూసుకుంటుంది, నీరు ఆరిపోకుండా. కోశాక దుమ్ము కడిగేటప్పుడు అందులో కొంత పోతుంది. అందుకే కొందరు వ్యాపారులు తిరిగి పూస్తారు. ఎక్కువగా వాడేవి రెండు: కార్నౌబా అనే తాటిజాతి చెట్టు ఆకుల మైనం, లేదా లక్క. ఒక్కో కాయకి పట్టేది చుక్కో రెండు చుక్కలో. అరగదు, అలాగే బయటికి పోతుంది. కత్తితో గీకితే తెల్లటి పొడి రాలే వీడియోలు భయపెట్టడానికి బాగుంటాయి గానీ, సహజమైన మైనం కూడా అలాగే రాలుతుంది. లక్క పురుగు నుంచి వస్తుంది కాబట్టి వద్దనుకునే శాకాహారులుంటే, ఆ అభ్యంతరం న్యాయమైనదే. విషం అనడం మాత్రం అబద్ధం.

పోషకాలు సున్నా అన్నదానికి పెద్ద జవాబు అక్కర్లేదు. నిల్వలో విటమిన్ సి తగ్గుతుంది, నిజమే. కానీ యాపిల్‌లో అది మొదటి నుంచీ తక్కువే. పీచు ఎక్కడికీ పోదు.

మెసేజ్ రాసినాయన చేయాల్సిన అసలు ఫిర్యాదు రుచి గురించి. కొన్ని కాయలు కొరికితే రసం రాదు, పిండిలా నలుగుతాయి. కణాల్ని అంటిపెట్టి ఉంచే పెక్టిన్ కరిగిపోయి, కణాలు పగలకుండా విడిపోతే అలా అవుతుంది. గాలా రకానికి ఈ జబ్బు త్వరగా వస్తుంది. ఫుజీ, గ్రానీ స్మిత్ చాలాకాలం కరకరలాడతాయి. వసంతంలో నేను ఆ రెండే కొంటాను, తెచ్చి నేరుగా ఫ్రిజ్‌లో పెడతాను.

చివరికి తోట. మోడు కొమ్మలట! మొగ్గ ముదురు గులాబీ రంగులో ఉంటుంది, విచ్చుకునేకొద్దీ తెల్లబడుతుంది. గుత్తికి సాధారణంగా ఐదారు పూలు. నడిమిది ముందు విచ్చుకుంటుంది, పెద్ద కాయ అయ్యే అవకాశం దానికే ఎక్కువ. చాలా రకాలకి సొంత పుప్పొడి పనికిరాదు, వేరే రకం చెట్టు నుంచి తేనెటీగ మోసుకురావాలి. అందుకే ఎండ కాస్త వెచ్చబడ్డాక వెళ్లండి, తోటంతా ఝుమ్మంటుంది.

పూత రాలడమంటారా, పని అయిపోయాక రెక్కలు రాలక తప్పదు. గుత్తిలో అన్నీ పిందెలైతే చెట్టు మోయలేదు, కాయలు గోలీలంత అవుతాయి. అందుకే కొన్ని పిందెల్ని చెట్టే రాల్చుకుంటుంది, మిగతా వాటిని రైతు పలచన చేస్తాడు, కొందరు దానికి మందు కూడా వాడతారు. రైతుకి అసలు టెన్షన్ పూత మీద పడే మంచు. పూలు పూర్తిగా విచ్చుకున్నప్పుడు మైనస్ 4 డిగ్రీల దాకా పడిపోతే, ఒక్క రాత్రిలో దాదాపు పూతంతా పోతుంది.

ఈసారి యాపిల్ చేతికొస్తే కాడకి రెండో వైపు గుంటలోకి చూడండి. అక్కడ ఎండిన చిన్న చిన్న తునకలుంటాయి. తోటలో చూడ్డానికేమీ ఉండదని చెప్పిన ఆ కాలంలో పూసిన పువ్వు తాలూకువే అవి.