‘ఇంకొక్క ఆట’ గారికి బహిరంగ లేఖ

శ్రీయుత ‘ఇంకొక్క ఆట’ గారికి,

బెంగళూరు మారతహళ్లిలో శనివారం రాత్రి పోకర్‌కు కూర్చున్న ప్రతి ఫ్లాట్‌కూ పిలవని పేరంటంగా వచ్చేది మీరే.

మీరు రాకముందు, రాత్రి పదింటికి, మనవాళ్ల బుర్రలు చూడాలి! పందెం డబ్బు కాదు, ఓడినవాడు పొద్దున అందరికీ ఇడ్లీ, వడ తెప్పించాలి. అయినా లెక్క తప్పరు. ఒక్క ఇస్పేటు పడితే ఫ్లష్, అంటే ఐదు ముక్కలూ ఒకే జాతివి. మిగిలింది ఆఖరి ముక్క. చేతిలో రెండు, బల్ల మీద అందరికీ ఉమ్మడిగా పరిచిన నాలుగు పోగా, కనబడని 46 ముక్కల్లో పనికొచ్చేవి 9, అంటే ఐదింట ఒకసారి. ఎదుటివాడు పాట్‌కు (మధ్యలో పోగైన పందేనికి) సమానంగా పందెం కాస్తే, మూడింట ఒక వంతు అవకాశం లేనిదే కాల్ (అంతే కాసి ఆటలో నిలవడం) గిట్టుబాటు కాదు. మారుమాట లేకుండా ముక్కలు పారేస్తారు.

రెండింటికి మీరు వేంచేస్తారు. అదే పందెం, అవే ముక్కలు. ‘పడుతుందిలే బావా’ అంటూ అదే మనిషి చిప్స్ అన్నీ ముందుకు తోస్తాడు. బల్ల మీద మూడో ఇస్పేటు పడగానే తన ముక్కల అంచు ఎత్తి చూసుకున్నవాడి చేతిలో రెండు ఇస్పేట్లు ఉండవు, ఉన్నవాడికి గుర్తుంటుంది. పదింటికి ఈ కిటుకుతో ఇతరులను పట్టేసినవాడే, ఇప్పుడు తానే అంచు ఎత్తి చూసుకుంటున్నాడు.

జత ఆసులు కూడా జత రాజుల చేతిలో వందకు సుమారు 18 సార్లు ఓడతాయి. అది మామూలే. ఆ ఉక్రోషం తీరేదాకా మనిషిని లేవనివ్వకపోవడమే మీ ప్రతిభ.

ఆఫీసు కాల్ కోసం ఉదయం ఏడింటికి లేచినవాడికి అర్ధరాత్రికి 17 గంటల మెలకువ. అప్పటి చురుకుదనం రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నవాడితో సమానమని 2000లో వెలువడిన ఒక పరిశోధన చెప్పింది. మన దేశంలో బండి నడపడానికి హద్దు 0.03 శాతమే. అవుటర్ రింగ్ రోడ్డు మీద ఆపి ఊదమనే పోలీసు పేక బల్ల దగ్గర లేడు. అది చూసుకునే కదా తమరు ఇక్కడ కాపురం పెట్టారు!

మీ బంట్రోతు ఫిల్టర్ కాఫీ కళ్లు తెరిపిస్తుందే గానీ, పోయిన లెక్కను తెచ్చిపెట్టదు. పైగా రెండింటికి తాగిన కెఫీన్‌లో దాదాపు సగం ఏడింటికీ ఒంట్లోనే ఉంటుంది.

మిమ్మల్ని రావద్దనడం లేదు. నా కుర్చీ దాటి వెళ్లి ఎదుటివాడి పక్కన కూర్చోండి. అతనికి ఇంకో కాఫీ నేనే కలిపి పెడతాను.

ఇట్లు,
బల్లకు ఇవతలి మనిషి