‘ముప్పై రోజుల్లో తప్పుల్లేని ఇంగ్లీషు’ బోర్డు గారికి బహిరంగ లేఖ

గుంటూరు, బ్రాడీపేట.

అయ్యా,

బ్రాడీపేటలో ఏ లైనులోకి మళ్ళినా, ఏ అడ్డరోడ్డు దగ్గర నిలబడినా, మేడ మీద నుంచి తమరి దర్శనం అవుతూనే ఉంటుంది. పసుపు మీద ఎర్రటి అక్షరాలతో, కోటు తొడుక్కున్న ఎవరో తెల్లాయన చిరునవ్వుతో తమరు దయచేస్తున్న ‘గ్యారంటీ’ని చదువుకుంటూ కింద బండి నిలుపుకునేవారిలో నేనూ ఒకణ్ణి. భాష మనిషికి ఎలా అబ్బుతుంది, నేర్పడం ఎలా అన్న విషయాల మీద నాలుగు పుస్తకాలు తిరగేసినవాణ్ణి గనుక, ఆ పుస్తకాలు రాసినవారి తరఫున తమరికి అభినందనలు తెలపడం నా విధి అనిపించింది.

ముందుగా అమెరికా ప్రభుత్వానికి కలుగుతున్న నష్టం సంగతి. తన దౌత్యాధికారులకు పరాయి భాషలు నేర్పడానికి ఆ దేశపు విదేశాంగ శాఖ ఫారిన్ సర్వీస్ ఇన్‌స్టిట్యూట్ అనే సంస్థను నడుపుతోంది. ఇంగ్లీషు మాతృభాషగా గలవాడికి ఉద్యోగానికి సరిపడినంత తెలుగు రావాలంటే 44 వారాలు, అంటే సుమారు 1,100 తరగతి గంటలు పడుతుందని ఆ సంస్థ అంచనా. అదీ జీతమిచ్చి, చదువే ఉద్యోగంగా కూర్చోబెట్టి నేర్పితే. వాళ్ళకు మన భాష ఎంత దూరమో మనకు వాళ్ళ భాష కూడా ఇంచుమించు అంతే దూరం ఉండాలి. ఆ దూరాన్ని తమరు రోజుకు ఒక గంట చొప్పున 30 గంటల్లో దాటిస్తున్నారు. (మనవాళ్ళు బడిలో కొంత ఇంగ్లీషు నేర్చుకునే వస్తారన్నది నిజమే కానీ, ఆ ఇంగ్లీషు ఎందుకూ పనికిరాదని తమరి కరపత్రమే చాటుతోంది గనుక దానిని లెక్కలో వేయలేదు.) పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి గారు సవర భాష నేర్చుకోవడానికి, దానికి వాచకాలూ వ్యాకరణమూ నిఘంటువూ సమకూర్చడానికి దశాబ్దాలు వెచ్చించారు. పాపం, ఆయన కాలానికి తమరు ఇంకా వెలయలేదు.

తమరి రెండో రోజు పాఠం కిటికీలోంచి వీధిలోకి స్పష్టంగా వినిపిస్తుంది: ‘ఐ గో, యు గో, హి గోస్’. అందరూ ఒకే గొంతుతో వల్లిస్తే అలవాటు బలపడి భాష వచ్చేస్తుందన్న ఈ నమ్మకానికి పెద్ద వంశమే ఉంది. బి.ఎఫ్. స్కిన్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త మనిషి మాటను అలవాటుగా వివరిస్తూ 1957లో ఒక గ్రంథం వెలువరించారు. 1959లో భాషాశాస్త్రవేత్త నోమ్ చామ్‌స్కీ దాని మీద రాసిన సమీక్షతో ఆ వాదానికి గట్టి దెబ్బ తగిలింది. ఆ వార్త తమరి మేడ మెట్లు ఇంకా ఎక్కినట్టు లేదు.

ఆ ‘గోస్’ చివరనున్న ‘స్’ గురించి మాత్రం కొంచెం విడమరచి చెప్పాలి. రోజర్ బ్రౌన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ముగ్గురు అమెరికన్ పిల్లల మాటలను ఏళ్ళ తరబడి గమనించి 1973లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, ‘గోయింగ్’లోని ‘ఇంగ్’ వాళ్ళ నోటికి తొందరగా వస్తుంది, ఈ ‘స్’ బాగా ఆలస్యంగా వస్తుంది. ఇంగ్లీషును రెండో భాషగా నేర్చుకుంటున్న స్పానిష్, చైనీస్ పిల్లలను పరిశీలించిన హైడీ డూలే, మరీనా బర్ట్ 1974లో చూపినది మరింత ఆసక్తికరం: ఇంటి భాషలు వేరైనా, వ్యాకరణాంశాలు పట్టుబడే వరుస దాదాపు ఒకటే, అందులోనూ ఈ ‘స్’ వెనకబెంచీలోనే కూర్చుంది. నోటికి చివరగా పట్టుబడేదానిని రెండో రోజునే ముగించి, మూడో రోజు నుంచి దాన్ని తప్పినవారిని నిలబెట్టగల తమరి ధైర్యం అసామాన్యమైనది.

సూత్రం తెలియడం వేరు, నోటికి రావడం వేరు అన్న సంగతికి సాక్ష్యం కోసం అమెరికా దాకా పోనక్కరలేదు. గుంటూరులో మూడు నాలుగేళ్ళ పిల్లవాణ్ణి పలకరించండి. ‘గుంటూరుకు’ అంటాడు, ‘గుంటూరుకి’ అని కూడా అంటాడు; ‘తెనాలికి’, ‘మంగళగిరికి’ అంటాడే గాని ‘తెనాలికు’ అని పొరపాటున కూడా అనడు. చివర ఇకారం ఉంటే ‘కు’ రాకూడదని వాడికి ఎవరూ చెప్పలేదు, వాణ్ణి అడిగినా చెప్పలేడు, ఆ మాటకొస్తే వాళ్ళ నాన్న కూడా చెప్పలేడు. ఏ తరగతీ లేకుండా ఇంత సూక్ష్మమైన నియమం పాటిస్తున్న బుర్రను తమరు ‘జీరో నుంచి’ మొదలుపెడుతున్నామని ప్రకటిస్తున్నారు.

తమరి విద్యార్థి ‘ఐ’ అని ఆగిపోయినప్పుడు వాడి లోపల ఏం జరుగుతోందో కూడా ఆలోచించండి. మామూలుగా మాట్లాడేవారు సెకనుకు రెండు మూడు మాటలు పలుకుతారు. చెప్పదలచినది తేల్చుకోవడం, మాటలు ఏరుకోవడం, వాక్యం కూర్చడం, పలకడం, పలికినది సరిచూసుకోవడం అన్నీ ఆ వేగంలోనే జరగాలి. మనిషి మాట్లాడే తీరును పరిశోధించిన విల్లెం లెవెల్ట్ 1989లో ఈ వ్యవస్థను వివరంగా వర్ణించారు. మన వాక్యంలో క్రియ చివరికి వస్తుంది, ఇంగ్లీషులో కర్త పక్కనే అది రావాలి. తెలుగులో వాక్యమంతా కూర్చుకుని దానిని తలకిందులు చేస్తున్నవాడికి మాటకు మాటకు మధ్య ఎడం తప్పదు. ఆ ఎడాన్ని తమరు తెలివితక్కువతనంగా లెక్కగట్టి, ‘పర్సనాలిటీ డెవలప్‌మెంట్’ పేరుతో దానికి అదనపు రుసుము కూడా వసూలు చేస్తున్నారు.

ఇక ‘తప్పుల్లేని’ అన్న విశేషణం. నేర్చుకునేవాడి తప్పు వాడి బుర్రలో తయారవుతున్న నియమానికి ఆనవాలని భాషాశాస్త్రవేత్త పిట్ కార్డర్ 1967లో వాదించారు. అటు మాతృభాషా కాక, ఇటు నేర్చుకునే భాషా కాక, మధ్యలో సొంత నియమాలతో నడిచే భాష ఒకటి ఉంటుందని మరో భాషాశాస్త్రవేత్త లారీ సెలింకర్ 1972లో ప్రతిపాదించారు. ‘డైలీ ఐ యామ్ గోయింగ్’ అనేవాడికి కాలం తెలియక కాదు, వాడి లెక్క వాడికుంది. ఆ లెక్క తెలుసుకోవాలంటే వాణ్ణి మాట్లాడనివ్వాలి గదా.

అందుకు తమరి హుండీ అడ్డుగా ఉంది. తరగతిలో తెలుగు మాట పలికితే రూపాయి, తప్పు ఇంగ్లీషు పలికితే రూపాయి వేయాలన్న నిబంధన వల్ల విద్యార్థులు అతి త్వరగా నేర్చుకుంటున్న విద్య మౌనం. భయం, సిగ్గు పేరుకుంటే విన్న భాష కూడా లోపలికి ఇంకదని భాషాశాస్త్రవేత్త స్టీఫెన్ క్రాషెన్ వాదించారు. ఆయన సిద్ధాంతాలతో పేచీ పడేవారు చాలామందే ఉన్నారు. ఈ ఒక్క విషయంలో మాత్రం తరగతి వెనక వరుసలో తల దించుకుని కూర్చున్నవారు ఆయన పక్షమే వహిస్తారు. పరాయి భాషా తరగతిలో కలిగే ఈ బెరుకును కొలవడానికి ఎలేన్ హార్విట్జ్ బృందం 1986లో 33 అంశాల కొలమానమే తయారుచేసింది. తమరు దానిని రూపాయల్లో కొలుస్తున్నారు.

హుండీ తీసేయమని అడగడం లేదు. మేడ అద్దె ఎంతో నాకు తెలుసు. నిబంధన ఒక్కటి మార్చండి చాలు. తప్పో ఒప్పో, తెలుగో ఇంగ్లీషో, నోరు తెరిచినవారి దగ్గర పైసా తీసుకోకుండా, గంటంతా పెదవి విప్పకుండా కూర్చున్నవారి దగ్గర మాత్రమే రూపాయి వసూలు చేయండి. ప్రస్తుతం ఉన్న తరగతులతోనే మొదలుపెడితే, మొదటి నెల రాబడి తమరి ఫీజును మించిపోతుంది.

ఇట్లు,
మెట్ల కింద బండి నిలుపుకునే
తమరి నిత్య పాఠకుడు