బొటనవేలు దొరవారికి, మిగతా నాలుగు వేళ్ల మనవి

మహారాజశ్రీ కుడిచేతి బొటనవేలు దొరవారి సముఖానికి,

తిరుపతి బైరాగిపట్టెడలో ఒక అద్దె గదిలో, ఫోను వెనకాల నడుం వంచి నిలబడ్డ నలుగురం చేసుకునే విన్నపం. పైన అద్దం మీద తమరు చిందులేస్తుంటే కింద దాదాపు రెండు వందల గ్రాముల బరువు మోసేది మేము. అందులో చిటికెనవేలి గతి మరీ అన్యాయం. ఫోను అడుగంతా దాని పక్కనే ఆనడంతో అక్కడ నొక్కు పడింది. యజమానికి ఇరవై రెండేళ్లు. డిగ్రీ అయింది, గ్రూప్స్‌కి చదువుతున్నానంటాడు. చదివేదెవరో మాకు తెలీదు గానీ రాసేది మాత్రం తమరే.

తమరి చేతివాటం మీద మాకు గౌరవముంది. మొన్న రాత్రి ముక్కూ మొహం తెలియని వాడెవడో ఒక హీరో మీద ఒక ముక్క అన్నాడు. అది చదవడానికి రెండు సెకన్లు, జవాబు కొట్టడానికి పదకొండు సెకన్లు. ఆ జవాబులో అవతలివాడి అమ్మ వచ్చింది, అక్క వచ్చింది, కులం వచ్చింది, ఊరొచ్చింది. హీరో ఒక్కడే రాలేదు. పైగా తెలుగు బూతుని ఇంగ్లిష్ అక్షరాల్లో, నడుమ ఒక చుక్క, ఒక స్టారు పెట్టి వదిలారు చూడండి, మెషీన్ పట్టుకోకుండా! ఒళ్లు తెలియని కోపం అంటారే, అది కాదన్నమాట. స్టారు పెట్టేంత తెలివి నిక్షేపంగా ఉంది. లేనిది ఎరుక, అంటే లోపల ఏం లేస్తోందో గమనించుకోవడం.

ఎరుక అనగానే నొచ్చుకుంటారేమో. రోజూ పొద్దున ఆరింటికి చూపుడువేలి కొసని తాకి చిన్ముద్ర పట్టి కూర్చునేది తమరే కదా. ధ్యానం యాప్‌లో వరసగా నలభై ఒక్క రోజులు, దానికో పతకం, ఆ పతకం స్టేటస్‌లో. చూపుడువేలి సాక్ష్యం మాత్రం వేరుగా ఉంది. ఆ పది నిమిషాలూ తమరి గోరు కింద నాడి టపటప కొట్టుకుంటూనే ఉందట. రాత్రి గొడవకి రెండో విడత జవాబు తయారవుతోందట.

మైండ్‌ఫుల్‌నెస్ అని ఇప్పుడు ఫోన్లో అమ్ముతున్న ఈ సరుకు బౌద్ధుల స్మృతి (అంటే ఎరుక) సాధన నుంచి వచ్చిందే. 1979లో అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయం వైద్య కళాశాలలో జాన్ కబాట్‌జిన్ దాన్ని ఎనిమిది వారాల శిక్షణగా మలిచి, నొప్పులతో బాధపడే రోగులకి నేర్పించాడు. అంత దూరం ఎందుకు, 1895లో మన మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి, మనసులో లేచేదాన్ని మంచీ చెడ్డా తీర్పు చెప్పకుండా ఊరికే చూడండని జీవితాంతం చెప్పుకుంటూ తిరిగాడు. ఇద్దరిలో ఎవరూ పతకం ఇవ్వలేదు.

ఆ చూడటం ఎక్కడ పనికొస్తుందంటే, నెమరు దగ్గర. ఎవడో అన్న మాట ఒకసారి గుచ్చుకుంటే ఆ మంట కాసేపటికి చల్లారేదే. దాన్ని మళ్లీ తెరిచి, మళ్లీ చదివి, స్నేహితుడికి స్క్రీన్‌షాట్ పంపి, అన్నవాడి ప్రొఫైల్ 2019 దాకా తవ్వితే మంట ప్రతిసారీ కొత్తగా అంటుకుంటుంది. ఆవు నెమరేస్తే పాలైనా ఇస్తుంది. ఎరుక ఎక్కువున్న కుర్రకారులో ఆన్‌లైన్ దూకుడు తక్కువగా కనబడుతోందని మనస్తత్వ పరిశోధకులు అంటున్నారు, అందులో కొంత వాటా ఈ నెమరు తగ్గడానిదేనట. అవి ఎక్కువగా ప్రశ్నపత్రాల సర్వేలు కాబట్టి ఏది కారణమో ఏది ఫలితమో ఒట్టేసి చెప్పలేం. కానీ "కక్కేస్తే పోతుంది సామీ" అనే తమరి వాదన మాత్రం నిలబడదు. 2002లో బ్రాడ్ బుష్‌మన్ అనే పరిశోధకుడు మనుషులకి కోపం తెప్పించి, తిట్టినవాణ్ణే తలుచుకుంటూ సంచీని గుద్దమన్నాడు. గుద్దినవాళ్ల కోపం, ఊరికే కూర్చున్నవాళ్ల కోపం కంటే ఎక్కువైంది.

తిట్టడం ఈ ఊరికి కొత్తా అని తమరు అడగొచ్చు. నిజమే. తాతయ్యగుంట గంగమ్మ జాతరలో బూతు మొక్కుబడే. బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం. ఒళ్లంతా బొగ్గు పూసుకుని వేపాకు చుట్టుకున్న మనిషి నోటికొచ్చింది తిడుతూ వీధి వెంట పోతుంటే, తిట్టించుకున్నవాళ్లు నవ్వుతారు. ఆడవాళ్లని చెరిచి దాక్కున్న పాలెగాణ్ణి, అంటే ఆనాటి స్థానిక పాలకుణ్ణి, బయటికి లాగడానికి అమ్మవారు వేసిన వేషాలవి. దొర వేషం నాటికి వాడి కథ ముగుస్తుంది. మర్నాడు మాతంగి వేషం, అది వాడి భార్యని ఓదార్చడానికి. ఈ ఏర్పాటు చూడండి: తిట్టుకి వారం గడువుంది, వీధికి హద్దుంది, తిట్టేవాడు ఏ ఇంటి పిల్లాడో ఎదురింటి అవ్వకి తెలుసు, అంతా అయ్యాక బొగ్గు కడుక్కోవడానికి నీళ్లున్నాయి, ఏడ్చేవాళ్ల కోసం ఒక రోజుంది. తమరి జాతరకి ముసుగొక్కటే ఉంది, మిగతావేవీ లేవు. పేరు దాగడం, మొహం కనబడకపోవడం, జవాబు అప్పటికప్పుడు ఎదురుగా రాకపోవడం, వీటివల్లే తెర ముందు నోటికి కళ్లెం జారుతుందని జాన్ సూలర్ అనే మనస్తత్వవేత్త 2004లోనే వివరించాడు. అవతలివాడి కన్ను తడవడం కనబడితే తమరి వేగం సగానికి సగం పడిపోయేదే.

సరే, చేయాల్సిందేంటి? తపస్సేం కాదు. ఫోను బోర్లా పెట్టించండి. మోతా వణుకూ రెండూ ఆపాలి, లేకపోతే ప్రతి 'డింగు'కీ తమరే ముందు ఎగిరిపడతారు. పాదాలు నేలకి ఆనాలి. ముక్కుతో నాలుగు లెక్కపెట్టేంతసేపు పీల్చి, ఆరు లెక్కపెట్టేంతసేపు వదలాలి. అలా ఆరు ఊపిరులు, సరిగ్గా ఒక నిమిషం. వదిలే ఊపిరి పొడుగైతే గుండె వేగం కాస్త దిగుతుంది. ఈలోపు కోపం ఒంట్లో యాడుందో వెతకాలి: దవడ బిగుసుకుందా, చెవులు వేడెక్కాయా, అరచెయ్యి చెమర్చిందా. దొరికితే పేరు పెట్టాలి, "కోపం వస్తా ఉంది" అని. "వాడు వెధవ" అనేది పేరు కాదు సామీ, అది ఇంకో కామెంటు.

తమరు దీన్ని ఎలా చెడగొడతారో కూడా మాకు తెలుసు. ఆ నిమిషాన్ని జవాబు నూరుకోవడానికి వాడతారు. లేదా కోపాన్ని లోపలికి అదిమి, శాంతమూర్తినైపోయానని మురిసి, గంట తర్వాత వేరేవాడి మీద దింపుతారు. లేదా నోట్స్‌లో రాసి పెట్టుకుంటాను, పంపనంటారు. అర్ధరాత్రి కాపీ కొట్టి అతికిస్తారు. అన్నిటికంటే పెద్ద తప్పు, కోపం వచ్చిన రోజే ఇది గుర్తు రావడం. టీ బంకు దగ్గర గ్లాసు చల్లారేదాకా ఖాళీగా నిలబడతారే, అప్పుడు చేయాలి. అలవాటు లేని ఊపిరి ఆపదలో అందదు.

ఆగడం పనిచేస్తుందా అంటే, ట్విట్టర్ 2021లో ఘాటు జవాబులు రాసేవాళ్లని, ఇంగ్లిష్‌లో మాత్రమే, "మరోసారి చూసుకోండి" అని ఆపి చూసింది. నూటికి 34 మంది మాట మార్చుకున్నారు, లేదా పంపడమే మానుకున్నారు. మిగతా 66 మంది తమరి చుట్టాలనుకుంటాం.

తమరికీ ఆగడం తెలియక కాదు. కొండెక్కినప్పుడు చూశాం. అలిపిరి నుంచి 3550 మెట్లు, మోకాళ్ల పర్వతం దగ్గర ఊపిరి తప్ప ఇంకేదీ గుర్తులేదు. దర్శనానికి ముందు ఫోను డిపాజిట్ చేశాక కంపార్ట్‌మెంట్‌లో మొదటి అరగంట తమరు తొడ మీద ఊరికే గీకారు. తర్వాత తగ్గారు. పక్క పెద్దాయన గుండుకి గంధం రాసుకుంటుంటే యజమాని ఆ వాసన కూడా గమనించాడు. బయటికొచ్చి టోకెన్ చూపించి ఫోను తీసుకున్న మరుక్షణం తమరు ముందు తెరిచింది పాత గొడవనే. ఆ గొడవ అప్పటికే చల్లారిపోయింది. తమరే మళ్లీ ఊదారు.

చట్టం ఏమీ చేయదన్న ధీమా ఒకటుంది తమరికి. ఆన్‌లైన్‌లో నొప్పించే మాటలకి శిక్ష వేసే ఐటీ చట్టం 66ఏ సెక్షన్‌ని సుప్రీంకోర్టు 2015 మార్చి 24న కొట్టేసిన మాట నిజమే. కానీ అశ్లీలం పెడితే ఐటీ చట్టం 67వ సెక్షన్ అలాగే ఉంది: మొదటిసారి మూడేళ్ల దాకా జైలు, అయిదు లక్షల దాకా జరిమానా. ఆడవాళ్లని మాటతో అవమానిస్తే భారతీయ న్యాయ సంహితలో (ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) 79వ సెక్షన్ ఉంది. వాట్సాప్‌లో పంపింది దిద్దుకోవడానికి పదిహేను నిమిషాలిస్తారు. స్క్రీన్‌షాట్‌కి ఒక్క సెకను చాలు. ఇక స్టేషన్లో కాగితం మీద ముద్ర వేయాల్సి వస్తే, దొరవారూ, మా నలుగురిలో ఎవర్నీ ముందు పిలవరు.

ఇంకొక్క మాట. బెదిరింపులు అందుకుంటున్న ఆడపిల్లకి "ఊపిరి చూసుకో తల్లీ" అని సలహా ఇచ్చే పని పెట్టుకోకండి. ఆమె చేయాల్సింది తేదీ కనబడేలా స్క్రీన్‌షాట్ తీసి, లింకు దాచి, జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్లో ఫిర్యాదు పెట్టడం. ఊపిరి చూసుకోవాల్సింది తమరు.

పదకొండు కావస్తోంది. తమరు తెర మీదికి వంగిన నీడ మాకు తెలుస్తూనే ఉంది. చిటికెనవేలు తిమ్మిరెక్కింది. ఫోను బోర్లా పెట్టించి, కాసేపు ఇటు మా వైపు మడుచుకోండి.

ఇట్లు,
చూపుడు, మధ్య, ఉంగరం, చిటికెన (నొక్కుతో సహా)